తుఫాను తరువాత విద్యుత్ పరికరాల గిరాకీ, నిధుల సమకూర్పు (1977–2018): హత్నూర–పటాన్‌చెరు పారిశ్రామిక వలయం నేపథ్యంగా ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

సంగారెడ్డికి, నర్సాపూర్‌కు నడుమ ఉన్న హత్నూర మండలానికి సముద్రంతో సంబంధం లేదు. బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను అక్కడికి చేరేసరికి రెండు రోజుల ముసురుగా మారిపోతుంది. కోస్తాలో ఇళ్ల పైకప్పులు లేచిపోయిన రోజున ఇక్కడి రైతు కళ్లంలోని ధాన్యం మీద పట్టా కప్పుకుంటాడు. గుండ్లమాచనూరు, బోర్పట్ల పరిధిలోని ఔషధ కర్మాగారాలలో పని ఆగదు. అయినప్పటికీ తుఫాను అనంతర పునర్నిర్మాణ చరిత్రలో ఈ ప్రాంతానికి ఒక స్థానం ఉంది. హత్నూరకు దక్షిణంగా పటాన్‌చెరు, రామచంద్రాపురం, రుద్రారం, పాశమైలారం వరుసగా విస్తరించిన పారిశ్రామిక వలయం విద్యుత్ వ్యవస్థకు కావలసిన భారీ పరికరాలను తయారు చేసే కేంద్రాలలో ఒకటి. కోస్తాలో కూలిన వ్యవస్థను తిరిగి నిలబెట్టడానికి కావలసిన సామగ్రిలో ఒక వర్గాన్ని తయారు చేయగల సామర్థ్యం, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ మెట్ట నేలమీద పోగయింది.

తుఫాను వచ్చినప్పుడల్లా పరికరాల తయారీదారులకు గిరాకీ పెరుగుతుందన్నది సాధారణంగా వినిపించే మాట. విధ్వంసం కొందరికి వ్యాపారం అవుతుందన్న అనుమానం కూడా అందులో కలిసి ఉంటుంది. 1977 దివిసీమ ఉప్పెన మొదలు 2014 హుద్‌హుద్ వరకు జరిగిన పరిణామాలను నిధుల కోణం నుంచి చూసినప్పుడు ఈ మాట సగమే నిజమని తేలుతుంది. గాలి కూల్చినదంతా గిరాకీగా మారలేదు. ఏ పద్దు కింద డబ్బు వచ్చిందో, ఏ నెలలో వచ్చిందో, ఏ షరతుతో వచ్చిందో దానిని బట్టి కొనే వస్తువు నిర్ణయమైంది. సహాయ నిధి కూలిన స్తంభం స్థానంలో అటువంటి స్తంభాన్నే కొనిపెట్టింది. రుణం వచ్చినప్పుడు మాత్రమే వేరే రకం వస్తువును కొనడం సాధ్యమైంది. ఆ రుణం సాధారణంగా తుఫాను తరువాత నెలలు గడిచాక, తుఫాను జ్ఞాపకం పలచబడుతున్న సమయంలో వచ్చింది.

మొదటి నెలలో కొనేది, తరువాత కొనేది

తుఫానులో దెబ్బతినే విద్యుత్ సామగ్రి అంతా ఒక్క తరగతికి చెందినది కాదు. సంఖ్యలో అన్నిటికంటే ఎక్కువగా కూలేవి 11 కేవీ లైన్ల స్తంభాలు, ఇళ్లకు సరఫరా అందించే లోటెన్షన్ స్తంభాలు. వాటితోపాటు తీగలు, పింగాణీ ఇన్సులేటర్లు, అడ్డుపట్టీలు పోతాయి. స్తంభాలపైనో, దిమ్మెలపైనో నిలిపిన పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లలో కొన్ని పడి పగులుతాయి, కొన్నిటిలోకి నీరు చేరుతుంది. సబ్‌స్టేషన్లలోని పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్లు, సర్క్యూట్ బ్రేకర్లు వాటి బరువు వల్ల, కట్టుదిట్టమైన పునాదుల వల్ల చాలావరకు గాలిని తట్టుకుంటాయి. వాటికి గాలికంటే ముంపు పెద్ద ప్రమాదం.

కాంక్రీటు స్తంభం బరువైన వస్తువు, దాని విలువ మాత్రం తక్కువ. వందల కిలోమీటర్లు లారీలో మోస్తే రవాణా ఖర్చే వస్తువు ధరను మింగేస్తుంది. అందువల్ల స్తంభాల పోత కేంద్రాలు వాడకానికి దగ్గరలోనే, జిల్లాల్లోనే ఏర్పడ్డాయి. అయితే కాంక్రీటు పూర్తి బలం పుంజుకోవడానికి ఇంజనీర్లు లెక్కించే గడువు 28 రోజులు. ఆవిరి పద్ధతిలో ఈ గడువును తగ్గించవచ్చు గాని, తుఫాను మరునాడు పోసిన స్తంభాన్ని ఆ వారంలోనే పాతడం కుదరదు. కాబట్టి మొదటి నెలలో పాతే స్తంభాలలో అధికభాగం తుఫానుకు ముందే పోసి, ఎక్కడో ఒక స్టోరు యార్డులో ఉన్నవే. సొంత యార్డులో లేకపోతే పక్క విద్యుత్ సంస్థ యార్డు నుంచి అరువుగా రావలసిందే. మొదటి నెలలోని గిరాకీ తయారీ మీద కాక నిల్వ మీద పడుతుందని దీని అర్థం.

పటాన్‌చెరు వలయపు సరుకు ఇందుకు భిన్నమైనది. రామచంద్రాపురంలో 1960 దశకంలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం ఏర్పడింది. టర్బైన్ల తయారీకి చెకోస్లొవేకియాకు చెందిన స్కోడా, స్విచ్‌గేర్ తయారీకి స్వీడన్‌కు చెందిన ఏసియా సాంకేతిక సహకారాన్ని అందించాయి. దాని చుట్టూ అనుబంధ పరిశ్రమలు మొలిచాయి. 1973లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ, వెనుకబడిన జిల్లాగా మెదక్‌కు లభించిన రాయితీలు పటాన్‌చెరు పారిశ్రామికవాడ విస్తరణకు తోడ్పడ్డాయి. తరువాతి కాలంలో రుద్రారంలో విజయ్ ఎలక్ట్రికల్స్ ట్రాన్స్‌ఫార్మర్ల కర్మాగారం పెద్ద కేంద్రంగా ఎదిగింది. 2013లో జపాన్‌కు చెందిన తోషిబా ఆ వ్యాపారాన్ని చేజిక్కించుకున్నది. ఇక్కడ తయారయ్యే పవర్ ట్రాన్స్‌ఫార్మరుకు ఆర్డరు అందిన నాటినుంచి డిజైను, ముడిసరుకు కొనుగోలు, చుట్టల తయారీ, పరీక్షలు కలిపి నెలలు పడుతుంది. అటువంటి పరికరం తుఫాను సహాయక చర్యల జాబితాలోకి సహజంగా ఇమడదు. అది పంచవర్ష ప్రణాళికల కోసం, సబ్‌స్టేషన్ల విస్తరణ పథకాల కోసం తయారైన వస్తువు. ఇది ఈ వలయంలోని లోపం కాదు. అది పుట్టిన ప్రయోజనమే వేరు.

దివిసీమ: రాబోయే ప్రణాళిక నుంచి అప్పు

1977 నవంబరు 19న వచ్చిన తుఫాను కృష్ణా డెల్టా అంచున దివిసీమను ముంచెత్తింది. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు దాదాపు పదివేలు. నాగాయలంక, సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పేర్లు ఆ తరానికి ఉప్పెనకు మారుపేర్లయ్యాయి. ఆనాటి పునరావాస సాహిత్యంలో ఇళ్లు, పడవలు, ఉప్పు పట్టిన పొలాలు, తుఫాను ఆశ్రయ భవనాలు ప్రధానంగా కనిపిస్తాయి. విద్యుత్తుకు దక్కిన స్థానం చిన్నది. తీరగ్రామాలలో దీపం ఇంకా కిరోసిన్‌దే ఎక్కువగా ఉన్న కాలమది. 1969లో ఏర్పడిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ రుణాలతో రాష్ట్ర విద్యుత్ బోర్డు లైన్లను అంచెలంచెలుగా పల్లెలకు చేరుస్తున్నది.

అప్పటి నిధుల ఏర్పాటు మాత్రం ఇప్పటి పరిశోధకుడు ఆగి చూడవలసినది. ఆరవ ఆర్థిక సంఘం సిఫారసుల కాలంలో (1974–79) ప్రకృతి వైపరీత్యాలకు కేంద్రం ఇచ్చే సహాయం ప్రధానంగా ‘ముందస్తు ప్రణాళికా సహాయం’ రూపంలో ఉండేది. రాష్ట్రానికి రాబోయే సంవత్సరాలలో రావలసిన ప్రణాళికా సహాయం నుంచి కొంత ముందుగా ఇచ్చి, తరువాత దానిని సర్దుబాటు చేసేవారు. మాటలో అది సహాయం, లెక్కలో అది రాష్ట్రం తన రేపటి నుంచి తీసుకున్న అప్పు. ఈ ఏర్పాటు ప్రకారం దివిసీమలో మళ్లీ వేసిన ప్రతి కిలోమీటరు రోడ్డుకు, మళ్లీ నిలిపిన ప్రతి స్తంభానికి సూత్రరీత్యా మరెక్కడో ఒక కోత ఉండాలి. ఆ కోత ఏ జిల్లా మీద, ఏ పథకం మీద పడిందో విడిగా చూపే పద్దు లేదు. విద్యుత్తు కోసం ఎదురుచూస్తున్న మెదక్ మెట్ట పల్లెకు, సముద్రం పాలైన డెల్టా పల్లెకు నడుమ ఒకరికి తెలియకుండా మరొకరితో పోటీ ఏర్పడిన సందర్భమిది. తుఫాను ముసురుగా మాత్రమే చేరిన చోటికి దాని ఖర్చు కూడా చేరిందన్నమాట. ప్రాంతీయ అసమానతల చరిత్రను నీటి వాటాలు, ఉద్యోగాల లెక్కలతోనే రాస్తూ వచ్చిన పరిశోధన ఈ కోణాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఏడవ ఆర్థిక సంఘం (1979–84) ఈ పద్ధతిని మార్చింది. వరదలు, తుఫానుల విషయంలో నిర్ణీత మొత్తానికి మించిన ఖర్చులో 75 శాతాన్ని కేంద్రం ప్రణాళికేతర గ్రాంటుగా భరించే ఏర్పాటు వచ్చింది. మరుసటి ప్రణాళిక నుంచి కోత పడే బాధ చాలావరకు తప్పింది. దానికి బదులుగా నష్టాల అంచనా కోసం కేంద్ర బృందం రాక, నివేదిక, అనుమతించిన గరిష్ఠ పరిమితి అనే వరుస స్థిరపడింది. తుఫాను తరువాత రాష్ట్ర ప్రభుత్వం రూపొందించే వినతిపత్రం ఒక ప్రత్యేక రచనా ప్రక్రియగా ఎదిగినది ఈ కాలంలోనే. పెద్ద అంకెను కోరి, చిన్న అంకెను పొందడం అందులోని నిత్య ఇతివృత్తం.

1990: నిధి పుట్టిన నలభై రోజులకే

తొమ్మిదవ ఆర్థిక సంఘం సిఫారసుతో 1990 ఏప్రిల్ 1న ‘విపత్తు సహాయ నిధి’ అమలులోకి వచ్చింది. దేశంలోని రాష్ట్రాలన్నిటికీ కలిపి ఏటా 804 కోట్ల రూపాయలు, అందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రాల వాటా 25 శాతం. ఇకపై ప్రతి విపత్తుకూ ఢిల్లీకి వెళ్లనక్కరలేదని, ముందే నిర్ణయించిన నిధినుంచి రాష్ట్రమే ఖర్చు చేసుకోవచ్చని దీని ఉద్దేశం. ఆలోచన మంచిదే. కాని నిధి మొదలైన నలభై రోజులైనా గడవకముందే, మే 9న కృష్ణా నది ముఖద్వారం వద్ద తీవ్ర తుఫాను తీరం దాటింది. 1977 అనుభవం వల్ల లక్షలాది ప్రజలను ముందుగానే తరలించడంతో ప్రాణనష్టం వెయ్యి లోపు పరిమితమైంది. ఆస్తి నష్టం మాత్రం రెండు వేల కోట్ల రూపాయలు దాటింది. ఒక్క రాష్ట్రంలో, ఒక్క తుఫాను నష్టం, దేశమంతటికీ ఏడాదికి కేటాయించిన నిధికి రెండింతలు మించిందని ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

1977కు, 1990కి నడుమ పదమూడేళ్లలో కోస్తా మారిపోయింది. పల్లెలకు విద్యుత్తు చేరింది. డెల్టా చివరి భూములలో మోటార్లు, పట్టణాలలో మంచు కర్మాగారాలు, రొయ్యల చెరువుల తొలి దశ కనిపిస్తున్నాయి. ప్రాణం కాపాడటంలో సాధించిన విజయానికి సమాంతరంగా, కూలడానికి నిలబెట్టిన ఆస్తి పెరిగింది. ఈ వ్యత్యాసాన్ని పూడ్చడానికి ప్రపంచబ్యాంకు సహాయంతో ‘ఆంధ్రప్రదేశ్ తుఫాను అత్యవసర పునర్నిర్మాణ పథకం’ వచ్చింది. తుఫాను పునర్నిర్మాణం అంతర్జాతీయ రుణ పరిధిలోకి రావడం ఈ చరిత్రలో ఒక మలుపు.

ఆ రుణం రాష్ట్రానికి చేరిన దారి కూడా ముఖ్యమే. 2005కు పూర్వం విదేశీ సహాయాన్ని కేంద్రం తాను స్వీకరించి, సాధారణ తరగతి రాష్ట్రాలకు 70 శాతం రుణంగా, 30 శాతం గ్రాంటుగా అందించేది. రూపాయి విలువ పడిపోతే ఆ నష్టం కేంద్రానిది. పన్నెండవ ఆర్థిక సంఘం తరువాత విదేశీ రుణం ఏ షరతులతో వచ్చిందో అవే షరతులతో రాష్ట్రానికి బదిలీ అయ్యే పద్ధతి వచ్చింది. వడ్డీ తక్కువ, కాని మారకపు రేటు భారం రాష్ట్రానిదే. తుఫాను తరువాత కొనే కేబులు ధరలో డాలరు ఎత్తుపల్లాలు కలిసిపోవడం ఈ మార్పు ఫలితం.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుఫాను వేయిమందికి పైగా ప్రాణాలు తీసింది. కొబ్బరి తోటల గుండా వెళ్లే తీగలకు అక్కడ చెట్టే మొదటి శత్రువైంది. గాలి నేరుగా కూల్చిన స్తంభాలకు తోడు, పడుతున్న కొబ్బరిచెట్టు తీగను లాగగా వరుసగా ఒరిగినవీ ఉన్నాయి. మరుసటి సంవత్సరం మంజూరైన ప్రపంచబ్యాంకు పథకం పేరులోనే ‘విపత్తు ముప్పు తగ్గింపు’ అన్న మాట చేరింది. డ్రెయిన్లు, రోడ్లు, ఆశ్రయ భవనాలు, హెచ్చరిక వ్యవస్థలు అందులో చోటు చేసుకున్నాయి. అదే కాలంలో విద్యుత్ రంగం తన సొంత సంస్కరణలలో మునిగి ఉంది. 1998 సంస్కరణ చట్టం, 1999 ఫిబ్రవరిలో బోర్డు విభజన, 2000 ఏప్రిల్‌లో నాలుగు పంపిణీ సంస్థల ఏర్పాటు వెంటవెంట జరిగాయి. విశాఖ కేంద్రంగా తూర్పు సంస్థ, తిరుపతి కేంద్రంగా దక్షిణ సంస్థ, హైదరాబాదు కేంద్రంగా మధ్య సంస్థ, వరంగల్లు కేంద్రంగా ఉత్తర సంస్థ వచ్చాయి. తుఫాను ముప్పు అంతా తీరం ఉన్న రెండు సంస్థల ఖాతాలోకి చేరింది. రాష్ట్రమంతటా ఒకే బోర్డు ఉన్నప్పుడు మెదక్ పరిశ్రమల బిల్లు కృష్ణా తీరంలోని స్తంభానికి తెలియకుండానే తోడ్పడేది. ఆ అంతర్గత బీమా విభజనతో సన్నగిల్లింది.

పొరుగు రాష్ట్రంలో ఇదే సమస్య మరింత పదునుగా ముందుకు వచ్చింది. ఒడిశా మధ్య ప్రాంతపు పంపిణీ సంస్థను అమెరికాకు చెందిన ఏఈఎస్ నాయకత్వంలోని భాగస్వామ్యం 1999 సెప్టెంబరులో స్వీకరించింది. అక్టోబరు 29న మహా తుఫాను విరుచుకుపడింది. పునరుద్ధరణ ఖర్చు ఎవరిదన్నది తరువాతి వివాదాలలో ఒక భాగమైంది. 2001లో ఆ సంస్థ తప్పుకున్నది. తుఫానును లెక్కలోకి తీసుకోని ప్రైవేటీకరణ ఒప్పందం తీరప్రాంతంలో ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్నకు ఆ రెండేళ్లు ఒక జవాబు.

ఉన్నది ఉన్నట్టుగా: సహాయ నిధి తర్కం

2005 విపత్తు నిర్వహణ చట్టం తరువాత, పదమూడవ ఆర్థిక సంఘం సిఫారసులతో 2010 నుంచి పాత నిధులు రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి, జాతీయ విపత్తు ప్రతిస్పందన నిధిగా మారాయి. పేరులో ‘సహాయం’ పోయి ‘ప్రతిస్పందన’ వచ్చింది. ఖర్చుకు కేంద్రం నిర్దేశించే ప్రమాణాల స్వభావం మాత్రం కొనసాగింది. 2015–20 ప్రమాణాలలో విద్యుత్ రంగానికి సంబంధించిన అంశం గమనించదగినది. 11 కేవీ స్థాయి వరకు దెబ్బతిన్న సామగ్రికి స్తంభానికి 4,000 రూపాయలు, కిలోమీటరు తీగకు 50,000 రూపాయలు, పంపిణీ ట్రాన్స్‌ఫార్మరుకు లక్ష రూపాయల వంతున పరిమితి విధించారు.

ఈ మూడు అంకెలలో ఒక విధానం ఇమిడి ఉంది. కూలినది స్తంభం కాబట్టి నిధి స్తంభాన్నే గుర్తిస్తుంది. నాలుగు వేల రూపాయలకు అంతకుముందు ఉన్నటువంటి స్తంభం కూడా దాని రవాణా, పాతుడు కూలితో కలిపి దొరకడం కష్టం. మరింత బలమైన స్తంభం, స్తంభాల నడుమ తక్కువ దూరం, పూత వేసిన తీగ, భూగర్భ కేబులు ఈ పద్దుకు అందనివి. తాత్కాలిక, తక్షణ స్వభావం గల మరమ్మతుకే నిధి అన్నది దాని మూలసూత్రం. ఖజానా దృష్టిలో ఇది సమంజసమే. నిధి తలుపులు బార్లా తెరిస్తే ప్రతి పాత లైనూ తుఫాను పేరుతో కొత్తదవుతుందన్న భయం నిరాధారమైనది కాదు. అయితే దాని ఫలితంగా తదుపరి గాలికి కూలడానికి సిద్ధంగా ఉన్న లైనును ప్రజాధనంతో మళ్లీ కట్టడం ఆనవాయితీ అయింది.

ఈ తర్కం భారతదేశానికే పరిమితం కాదు. అమెరికాలో 1988 నాటి స్టాఫర్డ్ చట్టం కింద ప్రభుత్వ ఆస్తుల పునర్నిర్మాణానికి అందే సహాయం విపత్తుకు పూర్వపు స్థితిని ప్రమాణంగా తీసుకునేది. 2017 సెప్టెంబరు 20న మరియా హరికేన్ ప్యూర్టోరికోలో విద్యుత్ వ్యవస్థను దాదాపు పూర్తిగా కూల్చింది. ఆ ద్వీపపు విద్యుత్ సంస్థ అప్పటికే, ఆ ఏడాది జులైలోనే, దివాలా రక్షణ కోరి ఉంది. అప్పు పుట్టని సంస్థకు స్తంభాలు, తీగలు కూడా త్వరగా పుట్టలేదు. చివరి ఇళ్లకు విద్యుత్తు చేరడానికి దాదాపు ఏడాది పట్టింది. శిథిలమైన వ్యవస్థను అదే శిథిల ప్రమాణంలో ఎందుకు నిలబెట్టాలన్న ప్రశ్న తలెత్తగా, 2018 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెసు ప్రత్యేక చట్టం చేసి, పరిశ్రమ ప్రమాణాల ప్రకారం నిర్మించడానికి అనుమతించింది. సంపన్న దేశంలో సైతం గిరాకీకి, సరఫరాకు నడుమ నిలిచినది సంస్థ పరపతి, నిబంధనలోని ఒక వాక్యం.

హుద్‌హుద్: నగరానికి కేబులు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటింది. ఒక పెద్ద పారిశ్రామిక నగరం తుఫాను కేంద్రం కిందికి నేరుగా రావడం రాష్ట్ర చరిత్రలో అరుదైన సంఘటన. విమానాశ్రయం, ఓడరేవు, ఉక్కు కర్మాగారం, శుద్ధి కర్మాగారం అన్నీ ఒకేసారి విద్యుత్తుకు దూరమయ్యాయి. పంపిణీ స్తంభాలకు తోడు అధిక వోల్టేజీ టవర్లు కూడా నేలకూలాయి. ప్రధానమంత్రి 1,000 కోట్ల రూపాయల తక్షణ సహాయాన్ని ప్రకటించారు. రాష్ట్ర ప్రభుత్వం నష్టాన్ని 21,908 కోట్లుగా అంచనా వేసింది.

రాష్ట్ర విభజన జరిగి అప్పటికి నాలుగు నెలలు. పటాన్‌చెరు వలయం, కోస్తా తీరం ఇప్పుడు వేర్వేరు రాష్ట్రాలలో ఉన్నాయి. రుద్రారంలోని ట్రాన్స్‌ఫార్మర్ల కర్మాగారం జపాను యాజమాన్యం కిందికి వచ్చి ఏడాది కూడా పూర్తికాలేదు. మార్కెట్టుకు రాష్ట్ర సరిహద్దు అడ్డు కాదు, టెండరుకు కూడా కాదు. కాని తుఫాను మొదటి నెలలో కీలకమైన అరువు ఏర్పాట్లు, స్టోరు యార్డుల మధ్య సర్దుబాట్లు ఒకే ప్రభుత్వం కింద జరిగే అంతర్గత ఉత్తరప్రత్యుత్తరాల స్థాయినుంచి రెండు ప్రభుత్వాల మధ్య వ్యవహార స్థాయికి మారాయి. అదే ఖరీఫ్‌లో తెలంగాణ తీవ్రమైన విద్యుత్ కొరతలో ఉంది. బోరుబావుల మీద ఆధారపడిన హత్నూర వంటి మండలాలలో పంపిణీ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే మరొకటి వచ్చేవరకు మడి ఎండుతుంది. ఇటువంటి చోట యార్డులోని ప్రతి అదనపు ట్రాన్స్‌ఫార్మరుకూ ఇద్దరు హక్కుదారులు ఉంటారు. ఒకరిది తుఫాను చీకటి, మరొకరిది ఎండుతున్న పైరు. మొదటిదానికి ‘విపత్తు’ అన్న పేరు ఉంది, రెండవదానికి లేదు.

ప్రపంచబ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు కలిసి నష్టాల, అవసరాల వేగవంతమైన అంచనాను రూపొందించాయి. 2015లో ప్రపంచబ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో ‘ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ పథకం’ ఆమోదం పొందింది. దానిలోని తొలి అంశం దృఢమైన విద్యుత్ వ్యవస్థ, అందులో ప్రధానమైనది విశాఖ నగరంలోని తలమీది తీగలను భూగర్భ కేబుళ్లుగా మార్చడం. స్తంభానికి నాలుగు వేలన్న లెక్కకు, ఈ ఆలోచనకు నడుమ ఉన్న దూరమే సహాయ నిధికి, రుణానికి ఉన్న దూరం.

భూగర్భ వ్యవస్థకు కావలసిన పరికరాల జాబితా వేరు. హెచ్‌టీ, ఎల్‌టీ కేబుళ్లు, రింగ్ మెయిన్ యూనిట్లు, కాంపాక్ట్ సబ్‌స్టేషన్లు, రోడ్డును పైనుంచి తవ్వకుండా అడుగునుంచి గొట్టాన్ని దూర్చే డ్రిల్లింగ్ యంత్రాలు అందులో ఉంటాయి. భారీ పరికరాల తయారీకి అలవాటుపడిన పటాన్‌చెరు తరహా వలయానికి సరిపడే గిరాకీ ఇదే. అది ఈదురుగాలి రోజున పుట్టలేదు. అంచనా, చర్చలు, ఆమోదం, టెండరు దాటి, గాలి మరచిపోయిన తరువాత పుట్టింది.

ఎవరి పెట్టుబడి, ఎవరి నిరీక్షణ

ఈ గిరాకీలో చిన్న పరిశ్రమ స్థానం క్లిష్టమైనది. అంతర్జాతీయ రుణంతో జరిగే కొనుగోళ్లలో గత టర్నోవరు, పూర్వానుభవం, బ్యాంకు గ్యారంటీ వంటి అర్హతలు ఉంటాయి. పెద్ద గుత్తేదారు మొత్తం పనిని టర్న్‌కీ పద్ధతిలో తీసుకుంటాడు. చిన్న తయారీదారు ఆ గుత్తేదారుకు సరుకు అమ్ముతాడు. రుణం ఇచ్చిన బ్యాంకు వాషింగ్టన్‌లో ఉండగా, బిల్లు ఆలస్యమైన రోజులకు వడ్డీ కట్టేది పారిశ్రామికవాడలోని షెడ్డు యజమాని. ట్రాన్స్‌ఫార్మరు తయారీలో ప్రధాన వ్యయమైన రాగి లేదా అల్యూమినియం, ప్రత్యేక విద్యుత్ ఉక్కు, నూనె ముందుగా డబ్బు పోసి కొనవలసినవి. ధరల మార్పును సర్దే నిబంధన ఒప్పందంలో ఉంటే కొంత రక్షణ, లేకపోతే లోహపు ధర పెరుగుదల అతని లాభాన్ని హరిస్తుంది.

చెల్లింపుల ఆలస్యం ఎంత పాత రోగమో చట్టాల తేదీలే చెబుతాయి. చిన్న పరిశ్రమలకు ఆలస్య చెల్లింపులపై వడ్డీ ఇవ్వాలన్న చట్టం 1993లో వచ్చింది. దాని స్థానంలో 2006 చట్టం వచ్చి గరిష్ఠ గడువును 45 రోజులుగా నిర్ణయించింది. అయితే వడ్డీ కోరుతూ ఫిర్యాదు చేసిన సరఫరాదారు మరుసటి టెండరులో అదే కొనుగోలుదారు ముందు నిలబడాలి. హక్కు కాగితం మీద ఉండిపోవడానికి ఈ ఒక్క కారణం చాలు. తుఫాను సమయంలో ‘అత్యవసరం’ అన్న మాట సరఫరా గడువును కుదిస్తుంది గాని, చెల్లింపు గడువును అంతే వేగంగా కుదించదు. పంపిణీ సంస్థల తలమీది లైన్లకు సాధారణంగా బీమా ఉండదు. నిధి విడుదలయ్యేవరకు, లేదా ఖర్చును నియంత్రణ మండలి చార్జీలలో అనుమతించేవరకు, ఆ లోటును మోసే ఒక అప్రకటిత రుణదాతగా సరఫరాదారుడు మిగులుతాడు. తుఫాను వల్ల తయారీదారు లాభపడతాడన్న లోకవాదన ఈ నిరీక్షణను లెక్కలోకి తీసుకోదు.

పదిహేనవ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ప్రతిస్పందన నిధికి తోడు ముప్పు తగ్గింపు నిధిని కూడా విడిగా సిఫారసు చేసింది. కూలకముందే బలపరచడానికి ఒక పద్దు ఏర్పడటం ఈ యాభై ఏళ్లలో కొత్త విషయం. దాని పరిమాణం ప్రతిస్పందన నిధికంటే చాలా చిన్నది, మొత్తంలో అయిదవ వంతు మాత్రమే.

అప్పటికి మరో తుఫాను వచ్చి వెళ్లింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాలో పలాస సమీపాన తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి, వాటితోపాటు వేలాది స్తంభాలు కూలాయి. విశాఖలో భూగర్భ కేబుళ్ల కోసం రుణం మంజూరై అప్పటికి మూడేళ్లు. అదే తూర్పు పంపిణీ సంస్థ పరిధిలోని ఉద్దానం పల్లెలకు అటువంటి పద్దు లేదు. ఇతర జిల్లాలనుంచి తరలివచ్చిన సిబ్బంది కూలిన చెట్లను కోసి దారి చేసుకుంటూ, పాత స్తంభాల గుంతల పక్కనే మళ్లీ కాంక్రీటు స్తంభాలు పాతారు.